పడవకు తీసిన వాటా

ఎండుచేపలు అమ్మి దాచుకున్న మూడు వేలతో ఈ రోజు మొదటిసారి ఫోన్‌లో షేర్లు కొందామని కూర్చున్నాను. ఒక్కో షేరు రెండు వందల నలభై. లెక్క వేసుకుని, ఆరు వస్తాయని మా ఆయనకు నెమ్మదిగా చెప్పాను. వల బాగుచేస్తున్న ఆయన తలెత్తారు.

"పన్నెండు రావాలి కదేటే?"

"సగం పడవకీ వలకీ తీసేశాను. వేట డబ్బులు పంచినప్పుడు మీరు ముందు అదే కదా తీస్తారు."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"అరే పగ్లీ, పిచ్చిదానా, ఎండలో నిలబడి చేపలు తిరగేసింది పడవేటి? నువ్వు కదా. మొత్తం నీదే. నీ పేరునే కొనుక్కో."

పన్నెండూ కొన్నాను. పడవకు మాత్రం ఇంకా చెప్పలేదు. మా పడవలు కట్టే బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గర అది కనిపిస్తే మీరూ చెప్పకండి.