గోనె కప్పుకున్న మధ్యాహ్నం

“గింజ కింద పడితే ఊరుకోవు, గిన్నెడు అంబలి పెరట్లో ఒంపేసినావేటి మామ్మా?”

“ఆ వాసన నా ఇంట్లో పనికిరాదే గుంటా.”

“చోడి అంబలి నిన్నేటి సేసింది?”

“సంపబోయింది.”

విశాఖలో సైకాలజీ అని మనసు గురించిన చదువేదో చదువుతున్న మా మనవరాలు, సెలవులకొచ్చి, చోళ్లు అంటే రాగుల పిండితో తను కాచిన అంబలి కోసం నాతో పడ్డ తగువిది. దాని నోరు మూయించడానికే పాత సంగతి చెప్పాను.

పందొమ్మిదివందల ఇరవైల మాట. నాకు ఎనిమిదేళ్లుంటాయి, రెండో తరగతితో నా బడి అప్పటికే ముగిసింది. మా నాన్న శృంగవరపుకోట నుంచి ఎడ్ల మీద ఉప్పు వేసుకుని అరకు సంతకెళ్లేవాడు, తల్లిలేని దాన్ని గనక నన్నూ వెంటబెట్టుకునేవాడు. ఉప్పుకు పసుపు ఇచ్చే కొండ ఆడమనిషి ఒకామె ఉండేది. అక్కను పిలిచినట్టు నేను అప్పా అని పిలిచేదాన్ని, పేరు ఏనాడూ అడగలేదు. ఒక సంతలో ఆమె తన ఎండు ఆనపకాయ బుర్రలోని చోడి అంబలి నా నోటికందించింది. ఆపైన నాకు పళ్లు టకటకలాడే వణుకు, వాంతి. అంబలి తాగాకే వచ్చిందా అని నాన్న అడిగితే తలూపాను. ఎవరిచ్చారంటే వేలు చూపించాను. చిల్లంగి పెట్టింది, చేతబడి చేసిందని నాన్న సంతంతా వినేలా అన్నాడు. ఆ రోజు నుంచి ఉప్పు వర్తకులెవరూ ఆమె పసుపు ముట్టలేదు. చారెడు ఉప్పుకోసం రెండు కొండలు దాటి వేరే సంతకెళ్తోందని తర్వాత విన్నాం. మరుసటి ఏడు అంబలి తాగకుండానే అదే వణుకు నాకు మళ్లీ వచ్చింది. అప్పుడు దాన్ని మన్నెపు జ్వరమన్నారు, ఇప్పటి మలేరియా; కొయినా మాత్రలు మింగించారు. ఆమె మాత్రం ఎవరికీ గుర్తురాలేదు, నాకూ రాలేదు.

అంతా విని మనవరాలు తన చదువు తీసింది. ఏదైనా తిన్నాక జబ్బు చేస్తే, జబ్బు మరెక్కడిదైనా సరే, మనసు ఆ రెంటినీ ముడేసి ఆ తిండిని జన్మంతా అసహ్యించుకుంటుందట. జ్ఞాపకం కూడా గాదెలో పోసిన ధాన్యంలా పోసింది పోసినట్టు బయటికి రాదట, తీసిన ప్రతిసారీ మారుతుందట. నా గాదె సంగతి నాకు చెప్పొచ్చావా అని కసిరి, రుజువుగా ఆ రోజు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాను: పసుపు గంప, బుర్ర మూతికున్న ఆకు, భుజాల మీద గుచ్చుకుంటున్న ఉప్పుగోనె.

“ఎండలో గోనె ఎందుకు కప్పుకున్నావు మామ్మా?”

వణుకు అంబలికి ముందే వచ్చిందా? అది చూసే ఆమె తన పూట కూడు తెచ్చి నాకు పట్టిందా? లేక గోనె తర్వాత నాన్న కప్పినదా? ఎటునుంచి తలచుకున్నా ఒకసారి బుర్ర ముందొస్తోంది, ఒకసారి గోనె ముందొస్తోంది. యాభై ఏళ్లుగా ఒకేలా చెబుతున్న కథ నిజమో కాదో నాకే తెలియకుండా పోయింది. ఇప్పుడు కొండ మీదికి లారీలెక్కుతున్నాయి, అక్కడ ప్రతి కొట్లోనూ ఉప్పు దొరుకుతోందట. దొరికితే మాత్రమేం, అప్పకు చెప్పాల్సిన మాట ఏ సంతకు తీసుకెళ్లను, ఏ పేరు పెట్టి పిలవను?

మర్నాడు పొద్దున్న మిగిలిన చోడిపిండితో నేనే అంబలి కాచాను. గ్లాసు దగ్గరకు తేగానే అదే వాసన. ముక్కు మూసుకుని సగం తాగాను. మిగతా సగం పారబోయలేదు, మనవరాలు తాగింది.