హస్తవాసి మంచిదన్నందుకు

మా ఆసుపత్రిలో నా మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఒక ముసలాయన నన్ను మెచ్చుకున్నాడు, అంతే.

తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో ఆరేళ్లు టెక్నీషియన్‌గా పనిచేశాను. కాపురం రేపల్లెలో. పొద్దున్నే రైలెక్కితే భట్టిప్రోలు, వేమూరు దాటుకుంటూ తొమ్మిదిలోపు డ్యూటీకి చేరేదాన్ని. మా ఆయన నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లు బాగుచేస్తాడు. చెరువులకు తెగులొస్తే రైతులు నీళ్లు వదిలేస్తారు. నీళ్లు లేని చెరువుకు మోటారుతో పనేముంది? ఆ ఏడు అలాగే చాలా చెరువులు ఎండబెట్టారు.

ఆ ఏడే, పెళ్లయిన నాలుగో ఏట, నాకు నెల తప్పింది. అంతకు ముందు ఒకసారి మూడో నెలలోనే పోయింది కాబట్టి ఈసారి ఐదో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పిన రోజే ఆఫీసు మేనేజరు దగ్గరికి వెళ్లి అడిగాను.

"సార్, డెలివరీకి లీవు ఎన్ని నెలలిస్తారండి?"

"లీవుకేముందమ్మా, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు తీసుకో."

"జీతం వస్తుందాండి?"

ఆయన కంప్యూటర్ మీంచి కళ్లు తీయకుండానే నవ్వాడు. "నీది ఏడాదికోసారి రెన్యువల్ చేసే పోస్టు కదా. జీతమెక్కడ? తిరిగొచ్చాక మళ్లీ కొత్తగా రాసుకుందాంలే."

పనిచేయలేని ఆ నాలుగైదు నెలలు గడవడానికి, పనిచేయగలిగిన ఈ నాలుగు నెలల్లోనే ఏదో ఒకటి చేసుకోవాలనుకున్నాను. రేపల్లె బస్టాండు దగ్గర చిన్న ల్యాబ్ ఉంది. దాని యజమాని నాకు ముఖపరిచయం. ఇళ్లకు వెళ్లి పరగడుపున రక్తం తీసి తెచ్చే మనిషి కావాలన్నాడు. తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఏడింటి దాకా. తరవాత నా రైలు ఎలాగూ ఉంది. ఒప్పుకున్నాను.

తెలియక చేశానని చెప్పను. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చిన కాగితంలో, ఇంకెక్కడా పనిచేయకూడదని స్పష్టంగా ఉంది. అది చదివే సంతకం పెట్టాను. రేపల్లెలో తెల్లారగట్ల చేసే పని తెనాలికి ఎవరు మోసుకెళ్తారులే అనుకున్నాను.

ఆ ఇళ్లలో ఒకటి ఒక దర్జీ తాతగారిది. మిషను మానేసి చాలా ఏళ్లయింది. షుగరు, దాంతోపాటు గుండె జబ్బు. మా తెనాలి ఆసుపత్రిలోనే చూపించుకునేవాడు, నన్ను అక్కడి ల్యాబ్‌లో చూసి ఉన్నాడు. ఆయనకు నరాలు దొరకవు. దొరికినట్టే ఉండి సూది తగలగానే పక్కకు జారిపోతాయి. వేలితో నొక్కుతూ, కదలని చోటు కోసం ఓపిగ్గా వెతకాలి. మొదటి రోజు ఒక్క పోటుతోనే వచ్చింది. ఆయన చేతివంకా నా మొహంవంకా మార్చి మార్చి చూశాడు. "అయిపోయిందా?" అన్నాడు. ఆయన భార్య లోపల్నుంచి గ్లాసు పట్టుకొచ్చింది. "చాయ్ తాగి పో బేటీ, వట్టి కడుపుతో తిరక్కూడదు నువ్వు." నేను చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది.

ఒకరోజు తాతగారు ఒక చీటీ తీసి చూపించాడు. మా ఆసుపత్రి డాక్టరు రాసిన పరీక్షలు.

"ఇవి తెనాలిలోనే చేయించాలా అమ్మా, ఇక్కడైనా పర్లేదా?"

"ఇక్కడైనా ఒకటేనండి తాతగారూ. మీకు తక్కువలో అయిపోతుంది."

అన్నది అంతే. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మాట అన్న నోరు ఏ ఆసుపత్రి జీతం తింటోందో ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చినా అనేదాన్నేమో తెలియదు.

ఆ నెలాఖరులో ఆయన తెనాలి వచ్చాడు. నేను ల్యాబ్‌లో ఉన్నాను. డాక్టరు గారి గది నుంచి నేరుగా మా కిటికీ దగ్గరికొచ్చి, చువ్వల్లోంచి చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"నీ గురించి డాక్టరు గారికి గట్టిగా చెప్పానమ్మా. మీ అమ్మాయే తెల్లారేసరికి మా ఇంటికొచ్చి రక్తం తీస్తుందండీ, చీమ కుట్టినట్టు కూడా ఉండదు, ఆ పిల్ల హస్తవాసి అలాంటిది, వదులుకోకండీ అన్నాను. జీతం పెంచుతారులే చూడు."

నా చేతిలో ట్యూబుల స్టాండు ఉంది. జాగ్రత్తగా బల్ల మీద పెట్టాను. "మంచిదండి తాతగారూ" అన్నాను. ఇంకేం అనగలను? ఆయన చేతిలో రేపల్లె ల్యాబ్ రిపోర్టు ఉంది. అది కూడా డాక్టరుకు చూపించే వచ్చాడు.

మూడో రోజు మెమో ఇచ్చారు. ఒకటిన్నర పేజీ ఇంగ్లీషు. నియమాలకు విరుద్ధంగా మరోచోట పనిచేస్తున్నాననీ, ఆసుపత్రి రోగులను వేరే ల్యాబుకు మళ్లిస్తున్నాననీ, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే తగిన చర్య తీసుకుంటామనీ దాని సారాంశం. "మళ్లిస్తున్నాను" అన్న మాట దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. మిగతాదంతా నిజమే. ఇది కూడా నిజమేనా?

ఇంట్లో మా ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"ఎవరినైనా అక్కడికి పొమ్మన్నావా?"

"లేదండి."

"మరి భయమెందుకు? పని చేసిన మాట ఒప్పేసుకో. కడుపుతో ఉన్నాను, అవసరమై చేశానని రాయి. మనుషులే కదా వాళ్లూ."

నేను ఆయనతో ఆడిన అబద్ధం అదొక్కటే. తరవాత కూడా సరిదిద్దుకోలేదు. సంజాయిషీ ఆయన చెప్పినట్టే, రైల్లో ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాశాను. భట్టిప్రోలులో ఎక్కిన ఒకావిడ నా పొట్ట చూసి పక్కకు జరిగి, రాసుకోవడానికి చోటిచ్చింది. "పరీక్షలా అమ్మా?" అంది. అవునన్నాను.

రేపల్లె ల్యాబ్ యజమానికి సంగతి చెబితే ఆయన వెంటనే తలుపు దగ్గరికి వేశాడు. "నువ్వు అక్కడ డ్యూటీలో ఉన్నావని నాకు తెలీదు, నువ్వూ చెప్పలేదు. ఎవరడిగినా అలాగే చెప్పమ్మా. రేపట్నించి రాకు." ఆయనకు మొదటి రోజు నుంచీ తెలుసు.

ఏడో నెల వచ్చింది. ఒక ఆదివారం కర్లపాలెం దగ్గర మా పుట్టింట్లో సీమంతం చేశారు. అమ్మ ఎప్పట్నుంచో అనుకుంటున్న వేడుక అది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. పేరంటాళ్లంతా గంధం పూసి, మోచేతుల దాకా మట్టిగాజులు తొడిగారు. అందరిలో నవ్వుతూ కూచున్నాను. నా సంజాయిషీ మీద ఆసుపత్రి పెట్టిన విచారణ మర్నాడే. అమ్మకు చెప్పలేదు. పొద్దున బాపట్లలో రైలెక్కబోతుంటే అమ్మ నా చేతులు పట్టుకుని, "డెలివరీ అయ్యేదాకా ఇవి తియ్యకూడదు, ఒక్కటీ చిట్లకూడదు, జాగ్రత్త" అంది.

ఆసుపత్రిలో విచారణకు కూచున్నవాళ్లు ముగ్గురు. మేనేజరు, ఎవరో వకీలు, మూడో మనిషి మా ఆసుపత్రి గైనకాలజిస్టు మేడమ్. యాజమాన్యంలో ఆవిడకు వాటా ఉంది. నన్ను చూస్తున్న డాక్టరు కూడా ఆవిడే. నాలుగు రోజుల కిందటే నా పొట్ట మీద యంత్రం ఆనించి గుండె చప్పుడు వినిపించి, "బిడ్డ దివ్యంగా ఉంది, నువ్వే రక్తం పట్టాలి" అని నా బుగ్గ తట్టింది. ఇప్పుడు బల్లకు అవతల కూచుని కాగితాలు తిరగేస్తోంది.

"కూర్చోమ్మా" అంది. కూచున్నాను.

వకీలు అడిగాడు. "పనిచేసిన మాట ఒప్పుకుంటున్నారు?"

"ఒప్పుకుంటున్నానండి."

"మన పేషెంట్లను అక్కడికి వెళ్లమని ఎప్పుడైనా చెప్పారా?"

"లేదండి."

నా గొంతు మామూలుగానే ఉంది. వకీలు ఒక కాగితం తీసి చదివాడు. తాతగారి దగ్గరికి మనిషిని పంపి రాయించుకొచ్చారు. ఆయన తెలుగులో, తన మాటల్లోనే చెప్పాడు. ఆ అమ్మాయి చాలా మంచిదనీ, తమ ఖర్చు గురించి కూడా ఆలోచిస్తుందనీ, ఇక్కడ తక్కువలో అయిపోతుందని తనే చెప్పిందనీ. కింద వంకర సంతకం. నాకు మేలు చేస్తున్నాననుకునే పెట్టి ఉంటాడు.

ఒళ్లో చేతులు కదిలితే గాజులు చప్పుడు చేస్తున్నాయి. ఒకదానితో ఒకటి అదిమిపట్టుకున్నాను.

"మేడమ్, ఒక్కసారే అన్నాను" అన్నాను. "ఆయన అడిగితేనే చెప్పాను."

"మరి ఇప్పుడే కదమ్మా లేదన్నావు" అంది మేడమ్. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "రెండో ఉద్యోగం అంటే ఏదో సర్దుకునేవాళ్లం. అబద్ధం చెప్పే మనిషి చేతుల్లో రిపోర్టులు ఎలా పెడతాం చెప్పు?"

ఆరేళ్లలో నేనిచ్చిన ఒక్క రిపోర్టులోనూ తప్పు పట్టలేకపోయారు. కానీ ఆ బల్ల ముందు ఆ మాట అనడానికి నాకు మొహం చెల్లలేదు.

మేనేజరు బయటికొచ్చి మెల్లగా చెప్పాడు. "డిస్మిస్ అని రాస్తే నీకే నష్టం. నీ అంతట నువ్వు మానేస్తున్నట్టు రాసివ్వు. మంచి సర్టిఫికెట్ ఇప్పించే పూచీ నాది." ఆరోగ్య కారణాల వల్ల స్వచ్ఛందంగా మానేస్తున్నానని వాళ్లు చెప్పినట్టే రాశాను. గర్భిణిని ఇలా ఉద్యోగంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పదని నాకు తరవాత తెలిసింది, పాపకు పాలిస్తూ ఫోనులో చదివితే. అప్పటికి తీసేసినట్టు ఎక్కడా కాగితం లేదు. మానేస్తున్నానని నా చేత్తో నేను రాసిన కాగితమే ఉంది.

సర్టిఫికెట్ ఇరవై రోజులకు వచ్చింది. ఆరేళ్లు పనిచేసినట్టు రాసి, కింద ఒక వాక్యం చేర్చారు. క్రమశిక్షణ విచారణ నడుస్తుండగా రాజీనామా చేశారు, అని. మేనేజరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఆ మధ్యలోనే తాతగారు ఫోన్ చేశాడు. కొత్తగా వస్తున్న కుర్రాడు మూడుచోట్ల పొడిచాడట, చెయ్యంతా కమిలిపోయిందట.

"నువ్వు రావడం మానేశావేంటమ్మా? నేనేమైనా తప్పు మాట్లాడానా?"

"అదేం లేదండి తాతగారూ. నెలలు నిండుతున్నాయి కదా, తిరగలేకపోతున్నాను."

"అల్లా చల్లగా చూస్తాడులే. పెంచారా జీతం?"

పెంచారన్నాను. ఆయన పక్కన ఉన్న భార్యకు ఆ మాట సంతోషంగా చెప్పడం ఫోనులో వినిపించింది. పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. వచ్చి ఉంటే కొంచెం తేలికపడేదాన్నేమో.

ఆ మేడమ్ దగ్గరికి మళ్లీ చూపించుకోవడానికి వెళ్లలేకపోయాను. గుండె చప్పుడు వినిపించేటప్పుడు ఆవిడ మొహం ఎలా పెడుతుందో, నేనెలా పెట్టాలో తెలియలేదు. ఎనిమిదో నెలలో రేపల్లె ఇల్లు వదిలి అమ్మ దగ్గరికి వచ్చేశాను. కాన్పు బాపట్లలో అయింది. ఆడపిల్ల. బరువు కాస్త తక్కువే అయినా ఆరోగ్యంగా ఉంది. అమ్మ, మా ఆయన, చుట్టాలు అందరూ మురిసిపోయారు. నర్సు పాపను తెచ్చి నా పక్కన పడుకోబెడితే, చూసి, కళ్లు మూసుకున్నాను. అలసిపోయిందిలే అనుకున్నారు. అలసట కాదది. లోపల ఎక్కడా ఏమీ కదల్లేదు. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు పాపంటే నాకు ప్రాణం. అయినా ఆ మొదటి రోజులు నాకు దక్కకుండా పోయాయి. వాటిని ఎవరు తెచ్చిస్తారు?

అమ్మకు ఉద్యోగం సంగతి చివరికి చెప్పాను. "పోతే పోయింది, పిల్లని చూసుకో" అంది. ఓదార్పుగానే అంది. పక్కింటివాళ్లు అడిగితే, "పిల్లకోసం మానేసింది" అని గొప్పగా చెబుతుంది.

పాపకు తొమ్మిదో నెల రాగానే బాపట్లలో రెండు ల్యాబులకు వెళ్లాను. ఒకచోట సర్టిఫికెట్ కింది వాక్యం దాకా చదివి, మడిచి, మర్యాదగా వెనక్కిచ్చారు. రెండోచోట యజమాని ముందు ఎంతో ఆదరంగా మాట్లాడాడు. "ఆరేళ్ల అనుభవం అంటే మాటలా! సోమవారం నుంచి రండి" అన్నాడు. తరవాత కాగితం చూసి, తెనాలికి ఫోన్ చేయడానికి లోపలికి వెళ్లాడు. గాజు తలుపు అవతల ఆయన తలూపుతూ వినడం చూస్తూ నిలబడ్డాను. బయటికొచ్చి, "చూసి చెబుతాం అమ్మా" అన్నాడు. ఈసారి కళ్లలోకి చూడలేదు.

బస్సులో వస్తూ, ఆ ఫోనులో అవతలివాళ్లు ఏం చెప్పి ఉంటారా అని ఆలోచించాను. అబద్ధం చెబుతుంది అని చెప్పి ఉంటారు. అది నిజమే కాబట్టి కోర్టుకెళ్లినా, కొట్లాడినా దాన్ని చెరపలేను. రెండో పని చేసినందుకు నేనెప్పుడూ సిగ్గుపడలేదు. ఆ ఒక్క "లేదండి" మాత్రం అన్నం తింటున్నా, పాపకు నీళ్లు పోస్తున్నా ఉన్నట్టుండి చెవిలో పడుతుంది.

ల్యాబ్‌లో పనిచేయాలంటే మా టెక్నీషియన్ల రిజిస్ట్రేషన్ ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకోవాలి. కొన్నాళ్ల కిందట దాని గడువు దగ్గరపడింది. ఆదివారం చెరువుల మీంచి వచ్చిన మా ఆయన గుర్తుచేశాడు. "రేపు వెళ్లి ఫీజు కట్టేద్దామా?" అన్నాడు.

"చూద్దాంలెండి" అన్నాను.

ఆయన పాపను ఎత్తుకుని వీధిలోకి వెళ్లాడు. ఇప్పటికి గడువు దాటి రెండు నెలలైంది.