రాఘవేందర్ సారుకు డౌట్ కొట్టింది

ఇప్పుడు మా ఇంట్లో పాల ప్యాకెట్టును ఎవరూ అనుమానించరు. పొద్దున్నే గేటుకు తగిలించిన సంచీలోంచి తీస్తాను, మూల కత్తిరిస్తాను, గిన్నెలో పోసి పొయ్యి మీద పెడతాను. ఇది ఇంత చిన్న పనని పోయినేడు దాకా నాకు తెలియదు. మా ఆయన ఉన్నప్పుడు ఆ ప్యాకెట్టు నేరుగా గిన్నెలోకి వచ్చిన రోజు లేదు. ముందు దాన్ని వెలుతురుకు పట్టి చూసేవారు. చెవి దగ్గర పెట్టుకొని ఊపేవారు. తేదీ చదివేవారు. చదివినాక ఆ తేదీని కూడా నమ్మేవారు కాదు.

"నాకెందుకో డౌట్ కొడ్తున్నది," అనేవారు.

"పాలయ్యా అవి," అనేదాన్ని.

"అని వాళ్లన్నరు."

మా ఆయన రాఘవేందర్, సాతంరాయి దగ్గర సర్కారు బడిలో ఆటలు నేర్పే టీచరు. ఎదురుగా అందరూ పీటీ సారనేవారు, పక్కకు పోయినాక డౌటు సారనేవారు. కొందరికి బీడీ ఉంటుంది, కొందరికి పేకాట ఉంటుంది, ఆయనకు అనుమానం ఉండేది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి పడకపోతే తిన్న అన్నం అరిగేది కాదు.

మా ఇంటి మీదుగానే విమానాలు దిగుతాయి. ఒకనాడు నేను దాబా మీద వడియాలు పెడుతుంటే ఆయన మెడ వెనక్కి వాల్చి నిలబడ్డారు.

"గిది నిన్నటికంటే కిందికెళ్లి పోతున్నది, చూసినవా?"

"నాకు రోజు లెక్కనే కనబడ్డది."

"పైలట్ కొత్తోడు. ట్రైనింగ్ సరిగ ఇయ్యలే."

ఆ విమానం చెట్ల వెనక్కి దిగేదాకా ఆయన కిందికి దిగలేదు. ఆ తర్వాత టీవీ ముందు కూర్చుని వార్తలన్నీ చూశారు. వాటిలో విమానం మాటే రాలేదు. "చూసినవా, దాస్తున్నరు," అన్నారు.

బడిలో కూడా అంతే. కడుపునొప్పి అని ఆట ఎగ్గొట్టే పిల్లలు ఆయన దగ్గరికి రావాలంటే బాగా చదువుకొని రావాలి.

"ఏ దిక్కు నొస్తున్నదిరా?"

"గీ దిక్కు సార్."

"మొన్న గా దిక్కుండె గద. ఇటు ఎప్పుడొచ్చింది?"

పిల్లవాడు ఆలోచనలో పడేవాడు. ఆ ఆలోచనలోనే నడుచుకుంటూ గ్రౌండులోకి పోయేవాడు.

టీచర్లకు ఏడాదికోసారి ట్రైనింగు పెడతారు. కొత్త ఆటలు, కొత్త పద్ధతులు చెప్పి, టీ ఇచ్చి పంపుతారు. మిగతా పీటీలు వెనక కుర్చీల్లో కునుకు తీస్తే, మా ఆయన ముందు వరుసలో నిటారుగా కూర్చునేవారు. నేర్చుకోవడానికని అందరూ అనుకునేవారు. కాపలాకి.

ఒకసారి షాద్‌నగర్ నుంచి మొదటిరోజు ట్రైనింగు ముగించుకుని వచ్చి, చెప్పులు విప్పకుండానే చెప్పారు. "ఇయ్యాల క్రీమ్ బిస్కెట్లు పెట్టిన్రు. ఎప్పుడు ఉప్పు బిస్కెట్లే పెడుతుండె. నాకు డౌట్ కొడ్తున్నది."

"ఏమని?"

"ఏదో కొత్త పని మీద పడేస్తరు."

మర్నాడు పడేశారు. ఇదొక కష్టం ఆయనతో. అప్పుడప్పుడు ఆయన అనుమానం నిజమయ్యేది, దాంతో ఇంకో నెలకు సరిపడా బలం వచ్చేది.

ఆ కొత్త పని పెట్టింది జగదీశ్ సారు. హైదరాబాదులో పీటీ టీచర్లను తయారుచేసే కాలేజీలో ఆయన పాఠాలు చెబుతారు. ఇద్దరిద్దరు టీచర్లు జతకట్టి ఒకరి క్లాసుకు ఒకరు వెళ్లి చూడాలన్నారు. బాగున్నదీ బాగాలేనిదీ ఒకరికొకరు చెప్పుకోవాలి, అట్లా చెప్పుకుంటే ఇద్దరూ ఎదుగుతారు అన్నారు.

మా ఆయన లేచి నిలబడ్డారట. "సార్, ఇది ఎదుగుడా? ఒకనితోని ఒకని మీద చాడీలు చెప్పిచ్చుడా?"

జగదీశ్ సారుది కోస్తా, మర్యాదస్తుడు. "ముందు ఒకసారి చూసి రండి రాఘవేందర్ గారూ, తర్వాత తప్పకుండా మాట్లాడుకుందాం," అన్నారట. ఇంటికి వచ్చాక మా ఆయన ఆ మర్యాద మీద కూడా అనుమానపడ్డారు.

ఆయనకు జతగా వచ్చింది అఖిల. మహేశ్వరం పిల్ల, పక్కూరి బడికి కొత్తగా వచ్చిన పీటీ టీచరు. ఆ అమ్మాయి మీద మా ఆయనకు మొదటిరోజే డౌట్ కొట్టింది.

"సీటీ ఊదదట. చెయ్యెత్తి నిలబడ్తదట, పిల్లలు ఊకుంటరట."

"మంచిదే గదా."

"సర్కారు బడి పిల్లలు ఊరికెనే ఎందుకు ఊకుంటరు?"

ఎవరైనా చూడటానికి వస్తున్నారంటే పీటీ టీచర్లకు ఒక అలవాటుంది. బాగా ఆడే పిల్లల్ని గ్రౌండులో నిలబెట్టి, మిగతావాళ్లను గోడ నీడన కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమంటారు. చూడటానికి వచ్చేవాళ్లకు కూడా ఈ సంగతి తెలుసు, వాళ్లు కూడా అదే చేస్తారు కాబట్టి అడగరు. మా ఆయన వెళ్లిన రోజున అఖిల కూడా అట్లాగే పెట్టింది. ఖోఖో బ్రహ్మాండంగా జరుగుతోంది. మా ఆయన మాత్రం ఆటకు వీపు పెట్టి గోడ వైపు చూస్తున్నారట.

"వాళ్లెవరమ్మా?"

"వాళ్లు ఆట చూస్తున్నరు సార్."

"ఎప్పటిసంది చూస్తున్నరు?"

ఆయన గోడ దగ్గరి పిల్లల్ని లేపి, ఆడేవాళ్లను కూర్చోబెట్టారు. ఒకడు ఖో అనకముందే లేచి పరుగెత్తాడు. ఒక పిల్ల ఖో అన్నా లేవలేదు. ఇద్దరు గుద్దుకున్నారు. అఖిల చెయ్యెత్తి నిలబడితే, ఏదో అడుగుతున్నారనుకుని వాళ్లూ చేతులెత్తారట.

ఆ సాయంత్రం అఖిల స్కూటీ వేసుకుని మా ఇంటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సార్‌కు నా మీద ఏం కోపం పెద్దమ్మా?"

లోపలి నుంచి ఆయనే జవాబిచ్చారు. "కోపం లేదు బిడ్డా, డౌటున్నది. ఆట వచ్చినోళ్లకు నువ్వు మంచిగ నేర్పుతున్నవ్. రానోళ్లకు నేర్పొస్తదా అని."

టీ తాగకుండానే లేచిపోయింది. ఇంక ఈ గడప తొక్కదనుకున్నాను.

కానీ ఆయన వదిలితేగా. తన క్లాసులు లేని పూటల్లా బండి వేసుకుని వాళ్ల బడికి పోయేవారు. గోడ నీడన కూర్చుని, చూపు తిప్పకుండా చూసేవారు. అఖిలకు రోషం వచ్చింది. ఈ ముసలాయన నోరు మూయించాలని గోడ దగ్గరి పిల్లల్ని రోజూ మొదటగా ఆటలోకి దించింది. ఈయన ఊరుకోలేదు, ఆమె దగ్గర చూసినవి దొంగతనంగా నేర్చుకున్నారు. ఒకరోజు వంటింట్లోకి వచ్చి, ఏమీ అనకుండా చెయ్యెత్తి నిలబడ్డారు.

"ఏందయ్యా, కరెంటు షాక్ కొట్టిందా?" అన్నాను.

"ఊకుంటవేమో అని చూస్తున్న. నీ మీద పనిజేస్తలేదు."

అట్లా ఉండగా ఒక కబురు వచ్చింది. మండలంలో మిగతా పీటీ టీచర్లకు ట్రైనింగు ఇవ్వడానికి ఒక్కరిని ఎంచుతారట. ఇష్టమున్నవాళ్లు అందరి ముందూ ఒక క్లాసు చేసి చూపించాలి. జగదీశ్ సారు చూసి నిర్ణయిస్తారు. అఖిల పేరిచ్చింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు, నాకు ఫోన్లో చెప్పింది.

"అందరు నాకంటే పెద్దోళ్లు పెద్దమ్మా. అక్కడ గిట్ల నా పరువు పోయిందనుకో, ఇగ జన్మల నలుగురి ముందల నోరు తెరువ."

క్లాసు మా ఆయన బడి గ్రౌండులోనే పెట్టారు. వచ్చినవాళ్లకు మజ్జిగ తెమ్మంటే నేనూ వెళ్లాను. అఖిల తన బడి పిల్లలతో వచ్చింది. క్లాసు చక్కగా సాగుతోంది. వెనక కుర్చీల్లో మాత్రం ఇద్దరు తలలు దగ్గర పెట్టుకుని ఏదో గొణుక్కుంటున్నారు. నాకు వినబడలేదు. ముందు వరుసలో మా ఆయన చెవి అటు తిరగడం మాత్రం చూశాను.

ఆయన లేచారు. "నాకు డౌట్ కొడ్తున్నది," అన్నారు.

అఖిల ముఖం పాలిపోయింది.

"ఈ పిల్లలకు ముందే నేర్పి తెచ్చింది. మా బడి పిల్లల్ని దింపుర్రి."

దింపారు. అఖిల వాళ్లను వరుసలో కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పింది. మా బడి పిల్లలు కాసేపటికి ఆటలో పడ్డారు. ఆయన మళ్లీ లేచారు.

"వీళ్లు ఆటొచ్చిన పిల్లలు. రోజు కడుపునొప్పి అనేటోళ్లను దింపుర్రి."

కడుపునొప్పి పిల్లలు వచ్చారు. అట్లాంటివాళ్లను ఆడించడం అఖిలకు అప్పటికి చేతనైన విద్య. వాళ్లూ పరుగెత్తారు. జగదీశ్ సారు నవ్వాపుకుంటున్నారు. మా ఆయన గోధుమరంగు టోపీ తీసి పక్కన పెట్టారు.

"పిల్లలు ఎవరు చెప్పినా వింటరు సార్. నేర్చుకోనిది మేము. మమ్మల్ని దింపుర్రి."

పొట్టలు వేసుకుని పీటీ టీచర్లంతా గ్రౌండులో వరుసగా కూర్చున్నారు, గొణిగిన ఇద్దరితో సహా. అఖిల చెయ్యెత్తింది. అందరూ ఊరుకున్నారు. ఒక పెద్ద సారు ఖో అన్నాక లేవడానికి పక్కవాళ్ల చెయ్యి అడిగితే, లేవడం ఎట్లాగో కూడా ఆ పిల్లే నేర్పింది. మా ఆయన మొదటి ఖోకే ఔటయ్యారు. లైన్ మీద డౌటుందన్నారు, ఎవరూ పట్టించుకోలేదు.

జగదీశ్ సారు రుమాలుతో కళ్లు తుడుచుకుంటూ, "రాఘవేందర్ గారూ, ఇంకేమైనా సందేహం ఉందండీ?" అన్నారు.

"నాకైతే లేదు సార్. ఎవరికన్నా ఉంటే గిప్పుడే అడుగుర్రి," అని వెనక్కి తిరిగారు. వెనకవాళ్లకు మాట్లాడటానికి ఊపిరి లేదు. అఖిలనే తీసుకున్నారు.

దారిలో బండి మీద ఆయన వీపుకేసి చెప్పాను. "గంతమందిల ఆడపిల్లను గట్ల నిలబెట్టి అడుగుతవా? ఏం మనిషివయ్యా?"

"వెనకోళ్లు గుసగుస పెడుతుండ్రి. పిల్లలకు ముందే నేర్పి తెచ్చిందని. గా మాట రేపు ఊరూరు తిరుగుతది, ఆ పిల్ల జవాబు చెప్పెతందుకు గూడ ఉండది. డౌట్లన్ని ముందల నేనే పడితే, ఇగ వాళ్లకు పడెతందుకు ఏం మిగుల్తది?"

కొంతదూరం పోయాక అడిగాను.

"మరి నీకు నిజంగ డౌట్ లేకుండెనా?"

"ఆ పిల్ల మీదనా? లేదు. మజ్జిగ మీదున్నది. నీళ్లెక్కువ పోసినవ్."

ఆయన పోయినేడు వానాకాలంలో పోయారు. అంతకు మించి ఆ సంగతి రాయను.

ఇవాళ పొద్దున అఖిల ఫోన్ చేసింది. శంషాబాద్‌లో మళ్లీ ట్రైనింగు, చెప్పేది ఆమే. నిన్ననే మొదలైందట.

"పెద్దమ్మా, నేనేం చెప్పినా అందరు తలకాయలు ఊపుతున్నరు. తప్పు చెప్తున్ననో ఒప్పు చెప్తున్ననో తెలుస్తలేదు. నువ్వొచ్చి ముందు వరుసల కూసో."

"నాకేమెరుక బిడ్డా ఆటల గురించి? నేను చదివింది ఐదు."

"నువ్వేం అడగకు. సార్ లెక్క ఒక కన్ను చిన్నగ చేసి చూడు, చాలు. గన్నేండ్లు ఇంట్ల చూసినవ్ గద."

నాకు నవ్వొచ్చింది. వస్తానన్నాను. అద్దం ముందు నిలబడి ఒక కన్ను చిన్నది చేసి చూసుకుంటే, కంట్లో నలుసు పడినట్టుందే తప్ప అనుమానం కనబడలేదు. ఆటోలో సాధన చేయొచ్చని మంచి చీర కట్టుకుని తాళం తీసుకున్నాను.

బాత్రూమ్ దగ్గర బకెట్లో దుప్పట్లు సబ్బునీళ్లలో నానుతున్నాయి. పిండి ఆరేసి పోయేంత పొద్దు ఉంది. చెయ్యి పెట్టబోయి ఆగాను. ముందు వరుసలో కుర్చీ దొరకాలంటే తొందరగా వెళ్లాలి. బకెట్టును కాలితో పక్కకు జరిపి బయటికి నడిచాను. నానితే నాననీ.