జిప్పు బైబిలులో తాళంచెవి

సహోదరులారా, సహోదరీలారా, ఈ సాక్ష్యం చెప్పవద్దని నాకు ముగ్గురు చెప్పారు, ఇంటి పరువు పోతుందన్నారు, ఈ కెనడాలో, మన సస్కటూన్‌లో తెలుగు విశ్వాసులే గుప్పెడుమంది, అందరికీ తెలిసిపోతుందన్నారు. తెలియనివ్వండి! చెప్పమన్నది నా భార్య కరుణ, అదిగో ముందు వరసలోనే కూర్చుని ఉంది, ఆమెకు లేని సిగ్గు నాకెందుకు?

నా పేరు ప్రసాదరావు, ట్రాక్టర్లు బాగుచేసే షాపులో మెకానిక్‌ని. మొన్నటి శీతాకాలం కాక అంతకుముందు శీతాకాలంలో మా రెండో బిడ్డ కడుపులోనే పోయాడు. ఆ తరువాత కరుణ మనిషి కాలేదు. తల దువ్వుకోవడం మానేసింది, పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడేది, మా అమ్మాయి షారోను "మమ్మీ, ఆర్ యూ ఓకే?" అని రోజుకు పదిసార్లు అడిగేది. మరి ఇంటి యజమానిని నేనేం చేశానంటారా? బేస్‌మెంట్లోకి దిగి నా తుపాకులు తుడుచుకున్నాను.

అవును, తుపాకులే. ఏడు! అన్నీ లైసెన్సుతో కొన్నవే, ఇనప బీరువాలో పెట్టి తాళం వేసినవే. మా తాత కొల్లేరు పక్కన ఒక దొరగారి పక్షుల వేటకు తుపాకి మోసేవాడు, ముప్పై ఏళ్ళు మోశాడు, ఒక్కసారి కూడా పేల్చనివ్వలేదు, వేటయ్యాక మా తాత చెయ్యి తగిలిన చోటల్లా ఇంకొకడి చేత తుడిపించేవారట. ఆ తాతకు మనవణ్ణి నేను, నా బీరువాలో నావి ఏడు! కొత్త కారుకు చేయించినట్టే ఆ బీరువాకు కూడా మన పాస్టరు అయ్యగారితో ప్రార్థన చేయించాను, లోపల ఏముందో చెప్పకుండానే. క్షమించండి అయ్యగారూ, మీకు ఈరోజే తెలిసింది.

కరుణను చూస్తున్న డాక్టరమ్మ ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, ఈమెకు బతకాలని లేదట, ఇంట్లో తుపాకులున్నాయా అని అడిగింది. ఉన్నాయి, లాక్‌లో ఉన్నాయి, కీ నా దగ్గరే ఉంది అన్నాను. అయినా సరే, ఈమె కోలుకునేదాకా అవి ఆ ఇంట్లో ఉండకూడదు అంది. నాకు ఒళ్ళు మండిపోయింది! ప్రభుత్వం కొన్ని రకాలు నిషేధించినప్పుడే నావి ఆ జాబితాలో లేవని మీసం మెలేసినవాణ్ణి, నా ఇంటి సంగతి ఈవిడకెందుకని కారులో దారి పొడుగునా అరిచాను. కరుణ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంతకీ ఆ తాళంచెవి ఎక్కడ పెట్టానో తెలుసా? నా బైబిలుకు జిప్పు కవరు ఉంది కదా, దాని లోపలి జేబులో. నేను వారమంతా తీయను కాబట్టి ఇంకెవరూ తీయరనుకున్నాను, అదీ నా భక్తి! ప్రతి ఆదివారం ఆ తాళంచెవిని చంకలో పెట్టుకుని వచ్చి మీ అందరితో కలిసి హల్లెలూయ అన్నాను.

మూడు వారాలు గడిచాక ఒక శనివారం పొద్దున, షారోను ఈత క్లాసుకు వెళ్ళింది, నేను టిఫిను తింటున్నాను, కరుణ నా బైబిలు తెచ్చి కంచం పక్కన పెట్టి, జిప్పు తీసి, తాళంచెవి బయట పెట్టింది.

"మందులకు నా కళ్ళు మసకేస్తున్నాయండీ, మీ బైబిలులో అక్షరాలు పెద్దవని రోజూ మీరు పనికెళ్ళాక తీస్తున్నాను. రోజూ ఇది కనబడుతోంది. రోజూ ఒక కీర్తన చదివి మళ్ళీ జిప్పు వేసేస్తున్నాను. ఇక నాకు ఓపిక లేదండీ."

సహోదరులారా, నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అయినా నా మొండితనం చూడండి, ఆ తాళంచెవి పట్టుకుని బేస్‌మెంట్లోకి దిగి దేవునితోనే తగాదా పెట్టుకున్నాను. "ప్రభువా, మా తాతకు ఒక్కటి లేదు, నాకు ఏడిచ్చావు, లాక్కోవడానికేనా ఇచ్చింది? ఇవ్వను! ఏం చేస్తావో చేసుకో!" అని గట్టిగా అరిచాను. పైన వంటగదిలో కరుణ అడుగుల చప్పుడు వినబడింది. ఆ చప్పుడు లేని ఇల్లు ఒక్క క్షణం నా కళ్ళముందు కనబడింది, అంతే, మోకాళ్ళ మీద కూలిపోయాను. "తీసుకో తండ్రీ, ఏడూ తీసుకో, నా కరుణను మాత్రం నాకుంచు" అన్నాను.

అప్పుడే పోలీసులకు ఫోన్ చేశాను, మధ్యాహ్నానికి ఇద్దరు వచ్చారు. తుపాకుల క్లబ్బులోని నా స్నేహితులు మా దగ్గర దాచుకో అన్నారు, అది తప్పని నేననను, కానీ నా సంగతి నాకు తెలుసు, వారం తిరక్కుండా వెనక్కి తెచ్చుకునేవాణ్ణి. అందుకే కరిగించేయమని సంతకం పెట్టాను. పిరికివాడన్నారు, పెళ్ళాం మాట విన్నాడన్నారు. విన్నాను! ఇంకా ముందే వినాల్సింది, వినక మూడు వారాలు ఆమెను ఒంటరిగా పోరాడనిచ్చాను, నా సిగ్గు అదొక్కటే.

ఒక్క రోజులో బాగైపోయిందని నేను చెప్పను. మందులు వేసుకుంది, కౌన్సెలింగుకు వెళ్ళింది, మీరంతా ఉపవాసముండి ప్రార్థించారు. మంచు కరిగే రోజుల్లో ఒక సాయంత్రం నేను బురద బూట్లతో వంటగదిలోకి వస్తే, "కళ్ళు నెత్తికెక్కాయా, ఇప్పుడే కదా తుడిచాను!" అని గరిటె పట్టుకుని నా మీద అరిచింది. నెలల తరువాత మొదటి తిట్టు! అక్కడే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. దేవునికే మహిమ!

మా తాత దొరకు భయపడి మోశాడు. నేను నా ఏడింటినీ ఎవరి భయమూ లేకుండా, నా చేతులతో నేనే మెట్లెక్కించి అప్పగించాను. ఇప్పుడు ఆ బీరువాలో మా బియ్యం బస్తాలున్నాయి, దానికి తాళం లేదు.

ప్రభువును నమ్మండి, ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేకపోతే డాక్టరు మాట కూడా వినండి. తుపాకులు లేనివాళ్ళు ఇది మనకు కాదులే అని నవ్వుకోకండి. ఇంటికెళ్ళి మీ మీ బైబిళ్ళ జిప్పులు తీయండి, అక్కడ ఏం దాచుకున్నారో మీకు తెలుసు, బహుశా మీ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలుసు.