ఎద్దుకు వంక పెట్టినందుకు

మొన్న వనపర్తిలో ఒక పెళ్లి విందులో నా పక్కన వచ్చి కూర్చున్న పెద్దమనిషి ఎవరో, ఆకులో పప్పు పడేలోపే గుర్తుపట్టాను. నాగర్‌కర్నూల్‌లో లెక్చరర్‌గా చేసి రిటైరైన ఆయన, రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి పదేళ్లలో మా పాలమూరు వాళ్లు ఇంటర్నెట్లో నడుపుకున్న చర్చావేదికకు నిర్వాహకుడు. "ఆ ఎద్దు సంగతి ఇంకా మనసుల పెట్టుకున్నరా ఏంది?" అని నవ్వుతూ అడిగాడు. "పెట్టుకున్న," అన్నాను. పెట్టుకోక ఏం చేస్తాను?

అప్పట్లో నేను గద్వాలలో ఉద్యోగం చేసేవాణ్ణి. సాయంత్రం ఆఫీసు వదలగానే నెట్ సెంటరుకు పోయి, కరెంటు ఉంటే ఒక గంట, పోతే వచ్చేదాకా, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా కొడుతూ కూర్చోవడం నా తరం వాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు. ఆ వేదికలో ఎవరు ఏం పెట్టినా, అది కవితైనా కొత్త ఇంటి ప్లానైనా, "చాలా బాగుంది", "అద్భుతం" అంటూ వరసగా రాసేవారు. నాకది చేతకాదు. మా ఇంట్లో పద్ధతి వేరు. మా నాన్న పెబ్బేరు సంతకు ఎద్దులు కొనడానికి పోతే మా మేనమామను వెంట తీసుకుపోయేవాడు. మామ పని ఒక్కటే, అమ్మేవాడి ఎదుటనే ఎద్దుకు వంకలు పెట్టడం. పళ్లు, గిట్టలు, సుడులు, నడక, అన్నింటినీ తిట్టిపోసేవాడు. ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఎదుటివాడు టీ కూడా తెప్పించేవాడు. వంక పెట్టే మనిషి లేకుండా సంతకు వచ్చినవాణ్ణే అందరూ జాలిగా చూసేవారు.

ఆ ఏడు వానలకు ముందు, బిజినేపల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చి హైదరాబాదులో పనిచేస్తున్న ఒక తమ్ముడు, వాళ్ల నాన్న మెచ్చిన కోడెల జత ఫోటోలు వేదికలో పెట్టాడు. వచ్చే పెబ్బేరు సంతలో బేరం ముగిస్తారట. ఆ పెద్దాయనకు ఉన్నదంతా మెట్టచేను, తొలి వాన పదును ఆరేలోపు దున్ని విత్తనం వేయాలి. జత కుదరకపోతే ఆ ఏటి పంట లేనట్టే. అందరూ "జత ముచ్చటగా ఉంది" అని రాశారు. నేను ఫోటోలన్నీ చూశాను. ప్రతి దాంట్లోనూ కుడిపక్క ఎద్దు ముందరి కాలు ఆనీ ఆననట్టు పెట్టింది, ప్రతి దాంట్లోనూ దాన్ని మెత్తటి మట్టిలోనే నిలబెట్టారు. "ఆ ఎద్దు కుంటిది. కొంటే మీ నాన్న కాడి తానే మోయాలి," అని రాశాను.

ఆ తమ్ముడు నొచ్చుకున్నాడు, తన తండ్రిని అన్నట్టుందని రాశాడు. గంట తిరక్కముందే నా మాట మాయమైంది. నిర్వాహకుడి కబురు వచ్చింది: "మీ వ్యాఖ్య సభ్యత దాటింది. పెద్దల ఎంపికను కించపరచరాదు. నెల రోజులు మీ ప్రవేశం నిలిపివేస్తున్నాము." ఇందులో ఒక్క అక్షరం కూడా నేను మరిచిపోలేదు.

సంత రోజు ఆఫీసుకు సెలవు పెట్టి బస్సెక్కి పెబ్బేరులో దిగాను. ఫోటోల్లో చూసిన జతను అంత జనంలోనూ పట్టుకోగలిగాను. తండ్రీకొడుకులు బేరం ముగించి పలుపు అందుకోబోతున్నారు.

"పెద్దాయనా, ఆ ఎద్దును జర రోడ్డు పక్క కంకర మీద నడిపియ్యమనుండ్రి," అన్నాను.

అమ్మేవాడు నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఎవరయ్యా నువ్వు? పెండ్లిచూపులకొచ్చినవా?"

"అవును. పెండ్లికొడుకు నడక చూడనీకె వచ్చిన."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అంతమందిలో కాదనలేక అతను ఎద్దును కంకర ఎక్కించాడు. నాలుగడుగులకే దాని తల ఊగడం మొదలైంది, ముందరి కాలు తేలిపోయింది. కొడుకు మొహం వాడిపోయింది. "అన్నా, ఫోరంల రాసింది మీరేనా?" అన్నాడు.

పెద్దాయన కొడుకు వైపు తిరిగాడు. "అందరు మంచిగుందన్నరు అంటివి. గీయన చెప్పింది నాకెందుకు చెప్పలే?"

"దాన్ని తీసేసిండ్రు నాయనా. మర్యాదగ లేదని."

"అట్లనా! అయితే ఆ మర్యాదతోనే దున్నిపియ్యమను మన చేను," అని పెద్దాయన నా చెయ్యి పట్టుకుని సంతంతా తిప్పాడు. మా మామ పాత్ర ఆ రోజు నాది. ఎన్నింటికో వంకలు పెట్టి, చివరకు రంగు కలవకపోయినా నడక కలిసిన జతను ఇప్పించాను. ఆ పదునులోనే ఆయన చేను దున్నాడు.

కొడుకు జరిగిందంతా, తండ్రి మాటలతో సహా వేదికలో రాశాడు. నిర్వాహకుడు గద్వాలకు ఫోన్ చేసి, నా వ్యాఖ్యను "కుంటిది" అన్న మాట కొంచెం మార్చి తిరిగి పెడతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. రాసింది రాసినట్టే, అదీ అన్నింటికన్నా పైన పెడితేనే వస్తానన్నాను. పెట్టాడు. ఆ తర్వాత "వంకలు" అని ఒక విభాగమే తెరిచి దాన్ని నాకు అప్పజెప్పాడు. బోరు వేసే చోటు, చీర అంచు రంగు, పెళ్లి సంబంధం, ఏదైనా సరే ఖాయం చేసేముందు జనం అక్కడికి తెచ్చేవారు. మల్దకల్ అక్కయ్య ఒకామె తన కవితను కూడా తెచ్చింది. నేను సగం కొట్టేస్తే, మిగతా సగం ఆమే కొట్టేసింది.

ఆ వేదిక మూతపడి చాలాకాలమైంది. ఇప్పుడు నేను ఎక్కడ ఎంత కరుకుగా రాసినా ఎవరూ తీసేయరు, ఎవరూ నొచ్చుకోరు, తెరను కిందికి జరుపుకుంటూ పోతారు. నా మాట తీసేసిన ఆ మనిషిని నేను క్షమించలేదు గానీ, తీసేయడానికైనా ఆయన దాన్ని చివరిదాకా చదివాడు.