మద్దమ్మ చేసుకొచ్చిన ఓలిగలు

ఆదోనిలో ఆలూరు రోడ్డు మీదున్న, పత్తి నుంచి గింజ వేరుచేసే ఓ జిన్నింగ్ మిల్లులో మద్దమ్మ పనికి చేరి పదకొండేళ్ళు. మిషన్‌లోకి పత్తి తోసేముందు అందులోని ఎండాకు, పుల్ల, పురుగు తిన్న గుడ్డిపత్తి ఏరి పారెయ్యాలి. ఒక్కో మిషన్ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నిలబడతారు. మద్దమ్మకు జోడీ లక్ష్మక్క.

ఆ షెడ్డులో మోత ఎంతంటే, పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు చేతులతోనే మాట్లాడుకుంటారు. లక్ష్మక్క బొటనవేలు పెదవికి ఆనిస్తే మొగుడు తాగొచ్చాడని అర్థం. ముక్కు చిట్లించి చూపుడువేలు ఆడించిందంటే పొద్దున్నే అత్త తిట్లు అందుకుందన్నమాట. ఆ అత్త వేషం చూసి మద్దమ్మ పడీపడీ నవ్వేది. మద్దమ్మ రెండో కాన్పులో బిడ్డ పోతే, ఆ సంగతి మిషన్ పక్కన నిలబడి చేతులతోనే చెప్పుకుంది. లక్ష్మక్క పత్తి వదిలేసి అక్కడే ఏడ్చింది. ఒకరింటి గుట్టు ఒకరికి తెలియనిదంటూ లేదు.

ఇంత సావాసమూ మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టేసరికి ఆగిపోయేది. మిగతా ఆడవాళ్ళంతా గోడౌను వరండాలో గుండ్రంగా కూర్చుని, ఒకరి కూర ఒకరు వేసుకుని తింటారు. మద్దమ్మ మాత్రం లారీలు తూచే చోట అరుగు మీద ఒక్కతే తింటుంది. ఎవరూ పొమ్మనలేదండీ, అబద్ధమెందుకు చెప్పాలి! చేరిన మొదటిరోజు తనే పోయి అక్కడ కూర్చుంది. ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన మనిషి ఎక్కడ కూర్చోవాలో ఒకరు చెప్పాలా ఏం? లక్ష్మక్క బొరుగుల ఉగ్గాని తెచ్చిన రోజు మాత్రం ఇంత తీసుకొచ్చి, పైనుంచి మద్దమ్మ గిన్నెలో వదిలేది. గిన్నెకు చెయ్యి తగలకూడదు, మెతుకు కింద పడకూడదు. అదో నేర్పు లెండి, అందరికీ రాదు.

పదకొండేళ్ళూ లక్ష్మక్క పెట్టడమే, మద్దమ్మ తినడమే. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, తన చేత్తో లక్ష్మక్కకు ఏదైనా పెట్టాలని మద్దమ్మ ఆశ. కానీ అడిగే ధైర్యం ఏది? వద్దంటే ఆ ముఖం మళ్ళీ ఎట్లా చూడాలి?

పోయిన కార్తీకంలో మిల్లుకు కొత్తగా హెచ్ఆర్ మేడమ్ వచ్చింది. పేరు రూప, కోడుమూరు పిల్ల, పాతికేళ్ళు నిండలేదు. దూది కొనే పెద్ద కంపెనీవాళ్ళు, పనిచేసే చోట అందరినీ సమానంగా, గౌరవంగా చూడాలని షరతు పెట్టారట. గోడకు బోర్డు కట్టారు, అందరిచేతా ప్రమాణం చేయించారు. రూప అంతటితో ఊరుకోలేదు. అరుగు మీద మద్దమ్మను చూసి పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గురువారం నుంచి అందరూ వరండాలోనే కలిసి భోంచెయ్యాలని హుకుం వేసేసింది.

కలిసి భోంచెయ్యడమంటే మద్దమ్మకు తెలిసింది ఒక్కటే. పదకొండేళ్ళుగా దూరాన్నుంచి చూసిందే అది. ఒకరిది ఒకరు తినడం. ఆ పిచ్చి తల్లి బుధవారం సాయంత్రమే శనగబేడలు, బెల్లం తెచ్చి, గురువారం నాలుగింటికే లేచి ఓలిగలు, అవేనండీ బొబ్బట్లు, కాల్చడానికి పొయ్యి ముందు కూర్చుంది. మొగుడు హనుమన్న లేచొచ్చి చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"ఏమే, ఇన్ని ఓలిగలెవురికే? పెండ్లా?"

"మిల్లుకి. ఈపొద్దు నుంచి అందురం ఒకసోటే తినాలంట. మేడమే సెప్పింది."

"పక్కన కూసోబెట్టుకుంటారేమో గానీ, నీ సేతిది తింటారా?"

"లక్ష్మక్క తింటాది," అంది మద్దమ్మ, ఓలిగ తిప్పుతూ. హనుమన్న కట్టెలు ఎగదోసి బయటికి పోయాడు.

మధ్యాహ్నం రూప ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వరండాలో కూర్చోబెట్టింది. అందరూ నవ్వుతూ జరిగారు. కొంచెం ఎక్కువే జరిగారు. ఎవరి క్యారియరు వాళ్ళ ఒడిలోకి పోయింది. ఆరోజు కూరలు చేతులు మారలేదు, ఎవరి ముద్ద వాళ్ళు గబగబా తిన్నారు. అందరూ ముగించాక మద్దమ్మ డబ్బా మూత తీసింది. యాభై ఓలిగలు, నెయ్యి వాసనతో వరండా నిండిపోయింది. రూప ఒకటి అందుకుని కొరికి, "అబ్బ, ఎంత బాగుందో!" అని ఫోటో తీసుకుంది. ఇంతలో ఆఫీసు నుంచి పిలుపొస్తే వెళ్ళిపోయింది.

ఆమె అటు పోయిందో లేదో, ఆడవాళ్ళకు రోగాలు మొదలయ్యాయి.

"అయ్యో, నాకు షుగర్ మే," అంది దేవమ్మ. పొద్దున టీలో చక్కెర చాలలేదని క్యాంటీనువాడితో పోట్లాడింది ఈవిడే!

"నేను మంత్రాలయం సామికి మొక్కుకున్న్యా. గురువారం తీపి ముట్టను," అంది ఇంకొకావిడ.

"కడుపు నిండిపోయింది, రవ్వంత జాగా లేదు."

"పంటి నొప్పి మే."

ఇరవైమందికీ తలా ఒక రోగమో మొక్కో దొరికింది. ఒక్కరు కూడా విసుక్కోలేదు, ఒక్క చెడ్డ మాట రాలేదు. అందరూ ఎంతో మర్యాదగా చెప్పారు. మద్దమ్మ డబ్బా పట్టుకుని ఒక్కొక్కరి ముందూ వంగి, లేచి, చివరికి లక్ష్మక్క ముందుకొచ్చి ఆగింది. లక్ష్మక్క ఒకసారి చుట్టూ చూసింది, ఒకసారి మద్దమ్మ ముఖం చూసింది. చీర కొంగు చాపింది.

"ఎయ్యి మే. ఇప్పుడు తినలేను గానీ, ఇంటికాడ తింటా."

మద్దమ్మ రెండు ఓలిగలు ఆ కొంగులో పెట్టింది. లక్ష్మక్క మూట కట్టి నడుముకు దోపుకుంది. ఇక మద్దమ్మ సంతోషం చూడాలి! మిగతా ఇరవైమంది ఏమైపోతేనేం. సాయంత్రం దాకా మిషన్ దగ్గర ఆమె చేతులు మాట్లాడుతూనే ఉన్నాయి.

పని దిగి గేటు బయట షేరాటో ఎక్కి కూర్చున్నాక ఆమెకు తట్టింది. లక్ష్మక్కకు ముగ్గురు పిల్లలు, పైన అత్త. రెండు ఓలిగలు ఏ మూలకి? డబ్బాలో అన్ని మిగిలిపోయి ఉన్నాయి కదా! "రవ్వంతసేపు నిలుపన్నా," అని డ్రైవరును బతిమాలి, డబ్బా చంకన పెట్టుకుని వెనక్కి పరుగెత్తింది.

లక్ష్మక్క గింజల గోడౌను వెనకాల ఉంది. అక్కడ వాచ్‌మన్ కాశప్ప మేకలు కట్టేసి ఉంటాయి. మద్దమ్మ పిలవబోయేంతలో లక్ష్మక్క కొంగుముడి విప్పి, ఓలిగలు రెండూ మేకల ముందు వేసింది. అంతకుముందే చేజారి కింద పడ్డాయేమో, మట్టి అంటుకుందేమోనని మద్దమ్మ మనసు గబుక్కున సర్దుకోబోయింది. లక్ష్మక్క పక్కనున్న కొళాయి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు తిప్పి, ఆ కొంగు చివర పెట్టి రుద్దింది. మళ్ళీ తడిపి ఇంకోసారి రుద్దింది. గట్టిగా పిండి, దులిపి, భుజాన వేసుకుని అటువైపు వెళ్ళిపోయింది. దానికి మాత్రం ఎంత వెతికినా మద్దమ్మకు సర్దుబాటు దొరకలేదు. గోడకు ఆనుకుని అట్లాగే నిలబడిపోయింది. గుండె బద్దలైందంటారే, ఆ మాటకు అర్థం ఆమెకు అక్కడ తెలిసింది. ఆటో ఆమెను వదిలేసి పోయింది.

మర్నాడు మిషన్ ముందు లక్ష్మక్క వేళ్ళు పెదవులకు తాకించి, కళ్ళు మూసి, తల ఊపింది. భలే ఉన్నాయట. పిల్లలు ముగ్గురూ పీక్కుని తిన్నారని చేతులతో చూపించింది. ఆమె కొంగు ఆరి శుభ్రంగా ఉంది. మద్దమ్మ నవ్వింది. ఎట్లా నవ్విందో ఆ దేవుడికే తెలియాలి.

అన్నం బెల్లుకు ఆమె నేరుగా రూప దగ్గరికి వెళ్ళింది. తనను గింజల షెడ్డుకు మార్చమంది. అక్కడ జోడీ ఉండదు, ఒక్కతే పార పట్టుకుని గింజలు ఎగదొయ్యాలి. నడుములు విరిగే పని. రూప కంగారుపడి పుస్తకం తీసింది.

"ఎవరైనా ఏమన్నా అన్నారా మద్దమ్మా? చెప్పు, కంప్లైంట్ రాస్తాను."

"ఎవురూ ఏమీ అనలేదమ్మా. అందురూ మంచోల్లే."

"మరెందుకు?"

మద్దమ్మ ఆ పుస్తకం వైపు చూసింది. రాయడానికి ఏముంది గనక? ఒకావిడ తన కొంగు తాను ఉతుక్కుంది. ఏ బోర్డులో ఉంది అది తప్పని? రూప చాలాసేపు బతిమాలి, చివరికి మార్పు కాగితం మీద సంతకం పెట్టింది.

నాలుగోరోజు లక్ష్మక్క గింజల షెడ్డుకు వెతుక్కుంటూ వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. నిజంగానే ఏడ్చింది, అందులో వేషమేమీ లేదు.

"పదకొండేండ్ల సావాసం మే. ఒక్క మాట సెప్పకుండా పోతివి. నేనేం తప్పు సేసినా?"

మద్దమ్మ పార ఆపింది. ఏమీ లేదక్కా అని పంపేద్దామనే అనుకుంది. కానీ నోరు ఆగలేదు.

"ఆపొద్దు కొళాయికాడ కొంగెందుకు కడిగినావక్కా?"

లక్ష్మక్క ముఖం పాలిపోయింది.

"మా అత్త... మా అత్త సంగతి నీకు తెల్దా మే? తెలిస్తే నన్ను గడప తొక్కనిస్తాదా?"

మద్దమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. దాచుకోలేదు.

"తెలుసక్కా. కానీ కొళాయికాడ మీ అత్త లేదు కదా. నువ్వొక్కదానివే ఉన్న్యావు."

మద్దమ్మ ముక్కు చీదుకుని, పార తీసుకుని గింజలు ఎగదొయ్యడం మొదలుపెట్టింది.