సుందరం బాబాయ్ కదురు బిళ్ళలు

నిన్న పొద్దున గుడ్లవల్లేరు బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. "సుందరం గారు పోయారండీ."

నమ్మలేదు. మొన్న ఆదివారమే కదా, చర్చి నుంచి వస్తూ వాళ్ళింట్లో టీ తాగాను!

బాబాయ్ నాకు చుట్టం కాదు. పెడనలో మా పక్కింటాయన. జీవితమంతా మగ్గం నేసిన మనిషి.

ఆ మధ్య గుడివాడ దగ్గర చేపల చెరువు తవ్వుతుంటే మట్టి బిళ్ళలు బయటపడ్డాయి. మధ్యలో చిల్లు. ప్రొక్లెయిన్ డ్రైవర్ పక్కన పారేస్తుంటే బాబాయ్ ఏరుకొచ్చాడు.

యూనివర్సిటీ సార్ ఒకాయన వచ్చి చూశారు. "ఇవి వల గుండ్లండీ. దివిసీమలో ఇప్పటికీ కడతారు" అని తేల్చేశారు.

బాబాయ్ ఒక బిళ్ళలో వెదురు పుల్ల గుచ్చి, దూది తగిలించి గిర్రున తిప్పాడు. నూలు వచ్చింది!

"వలకి కట్టిందైతే తాడు ఒరిసి చిల్లు ఒక పక్కకి అరిగిపోద్ది సార్. ఇది నూలు వడికే కదురుకి బరువండీ. మా అమ్మకీ ఇలాంటిదే ఉండేది."

మరి ఎప్పటిది?

"బిళ్ళ తన వయసు చెప్పదమ్మా. పక్కన ఏం దొరికిందో అది చెప్పుద్ది" అనేవాడు నాతో. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండ పెంకులు పక్కనే దొరికాయి. అలాంటివి సుమారు రెండు వేల ఏళ్ళ నాటివట. ఏది ఎంత లోతులో ఉందో అంతా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

సార్ ఆ పేజీలు ఫొటో తీసుకున్నారు. "మీ పేరు వేస్తానండీ" అన్నారు.

బాబాయ్ చెప్పిందంతా వ్యాసంగా వచ్చింది. పేరు సార్‌ది. బాబాయ్ "ఒక స్థానికుడు".

ఆ రోజు ఆయన అన్నం తినలేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

అయితే వ్యాసంలో ఒకటుంది. బిళ్ళలు "నాలుగు అడుగుల లోతులో" దొరికాయట. నోట్‌బుక్‌లో ఉన్నది ఒట్టి "4". బాబాయ్ నేత మనిషి, దేన్నైనా మోచేత్తో మూరల్లో కొలుస్తాడు. నాలుగు మూరలంటే ఆరు అడుగులు! సార్ ఒక్కసారి ఆ గుంటలోకి దిగి ఉంటే తెలిసేది. నాలుగు అడుగుల దగ్గర ఉన్నవి మన తాతల నాటి పెంకులే.

"ఫోన్ చేసి చెప్దామా బాబాయ్?"

"ఎందుకమ్మా, ఉండనీ" అని నవ్వాడు. ఆయన అంత కసిగా నవ్వడం ఎప్పుడూ చూడలేదు.

బాబాయ్ పోయాడని నిన్న నేను ఇక్కడ పెట్టిన పోస్టు కింద సార్ కామెంట్ పెట్టారు. "గొప్ప మిత్రుణ్ణి కోల్పోయాను. ఓం శాంతి."

డిలీట్ చేయకండి సార్. నోట్‌బుక్ పిన్ని నాకిచ్చింది. ఆ పేజీ, మీ పేజీ, కింద పక్కపక్కనే పెట్టాను. మీ యూనివర్సిటీ వాళ్ళని ట్యాగ్ చేశాను. ఈ వ్యాసానికి మచిలీపట్నంలో మీకు చేస్తున్న సన్మానానికి ప్రింట్లు పట్టుకుని వస్తున్నాను. ముందు వరసలో కూర్చుంటాను.

వెళ్ళిరా బాబాయ్. ఆ దేవుడు నీకు శాంతినివ్వాలి.

నీ పేరు పడేదాకా నాకు మాత్రం వద్దు.